ఏరుకొచ్చే బస్సులో తొగాషి మిత్సుయే

జపానుకి ఉత్తరాన ఉన్న మా సప్పొరోలో ఆగస్టు చివరి ఆదివారం ఎవరూ ఏ పనీ పెట్టుకోకూడదు. పెళ్ళి పెట్టుకుంటే చుట్టాలు రారు. పన్ను నొప్పని వెళ్తే డాక్టరే ఉండడు, నిక్కరు తొడుక్కుని షిన్‌కవా రోడ్డు మీద పరిగెత్తుతూ ఉంటాడు. ఆ రోజు ఊళ్ళో సగం మంది పరుగు పెడతారు, మిగతా సగం మంది రోడ్డు దాటడం కుదరక తిట్టుకుంటారు. నేను ఈ రెండు సగాల్లోనూ లేను. నా పేరు తెషిమా, బస్సు డ్రైవర్ని. వేసవి మారథాన్ మొదలైన ఏడాది నుంచి నేను రిటైరయ్యేదాకా, వెనకబడిపోయినవాళ్ళని ఏరుకొచ్చే బస్సు తోలాను.

ఏరుకురావడం అంటే ఏమిటో చెప్పాలి. దారి పొడుగునా సుమారు ఐదేసి కిలోమీటర్లకి ఒక గేటు ఉంటుంది. గేటంటే తలుపులేమీ ఉండవు. ఒక తాడు, దానికి చెరో పక్కా ఒక మనిషి, పక్కన ఒక గడియారం. అనుకున్న సెకను రాగానే తాడు అడ్డంగా లాగేస్తారు. అంతకు ముందు సెకనులో దాటినవాడు పరుగువాడు, తరవాతి సెకనులో వచ్చినవాడు నా ప్రయాణికుడు. అతను ఛాతీ మీది నంబరు గుడ్డ విప్పేసి, వచ్చిన దారికేసి తిరిగి ఒకసారి వంగి నమస్కారం చేసి, నా బస్సెక్కుతాడు. ఎక్కగానే కిటికీ తెర లాగేసుకుంటాడు. ఇందులో ఎవరికీ తేడా లేదు. ప్రొఫెసరైనా, చేపలమ్మేవాడైనా చేసేది అదే.

నేను చెప్పదలచుకున్నది నా గురించి కాదు, మా బస్సు గైడు తొగాషి మిత్సుయే గురించి. ఆవిడ మీద ఎవరూ ఏమీ రాయలేదు. రాయవలసినంత పెద్ద పని ఆవిడ ఏదీ చేయలేదని మా కంపెనీవాళ్ళు అంటారు. మా కంపెనీవాళ్ళకి డీజిల్ ధర తప్ప ఇంకేదీ పెద్దగా కనపడదు లెండి.

మిగతా ఏడాదంతా మాది చుట్టుపక్కల వింతలు చూపించే యాత్రల బస్సు. గైడు పని తేలికని అందరూ అనుకుంటారు. తెల్ల చేతి తొడుగులు, చిన్న టోపీ, చేతిలో మైకు, ఇంకేం కావాలి అంటారు. నడిచే బస్సులో రోడ్డుకి వీపు పెట్టి, ప్రయాణికులకి ఎదురుగా నిలబడి ఎనిమిది గంటలు మాట్లాడి చూడండి, తెలుస్తుంది. వాళ్ళకి కుడివైపు ఉన్నది ఈవిడకి ఎడమ. అందుకని “మీ కుడివైపు చూడండి” అంటూ ఎడమ చెయ్యెత్తాలి. మిత్సుయే పంతొమ్మిదో ఏట ఈ పనిలో చేరింది. ఉద్యోగం చేసిన కాలమంతా కొండల్నీ సరస్సుల్నీ ఆవిడ జనం మొహాల్లోనే చూసింది. “ఇవాళ తొయా సరస్సు బాగున్నట్టుందండీ, మూడో వరసలో ముసలాయన నోరు తెరిచాడు” అని నాతో గొణిగేది.

1987లో మొదటి మారథాన్. ఆవిడకి ఇరవై తొమ్మిది, నాకు ముప్ఫై రెండు. పరుగు మిట్టమధ్యాహ్నం మొదలుపెట్టారు. ఎండలో ఎందుకని అడిగిన బుద్ధిమంతుడు ఒక్కడూ లేడు. దేశంలో మిగతా ఊళ్ళకంటే మా ఊరు చల్లగా ఉంటుందని అందరికీ ఒక నమ్మకం. పాల్గొన్నవాళ్ళు నాలుగైదు వందల మందికి మించరు, అందరూ గట్టివాళ్ళు. నాలుగు గంటల్లో ముగించలేనివాళ్ళు దయచేసి రావద్దని ముందే చెప్పేశారు. రోడ్డు పక్క ఇళ్ళవాళ్ళకి ఇదంతా ఏమిటో తెలియదు. కొందరు గొట్టాలు తెచ్చి తోట మొక్కలకి పట్టినట్టు వాళ్ళ మీద నీళ్ళు పట్టారు. ఒకావిడ ఉడికించిన మొక్కజొన్న పొత్తులు పళ్ళెంలో పెట్టుకుని నిలబడి, ఎవరూ ఆగి తినడం లేదని నొచ్చుకుంది.

సాయంత్రానికి నా బస్సులో పంతొమ్మిది మంది. ఒక్కరూ మాట్లాడరు. చెమట, మందునూనె వాసన, మూసిన తెరలు. నేను బస్సు కదిలించాను. బస్సు కదలగానే మిత్సుయే లేచింది. పదేళ్ళుగా అదే అలవాటు మరి. టోపీ సర్దుకుని, నడుం దాకా వంగి, మైకు తీసుకుంది.

“ఈరోజు ఇన్ని బస్సులుండగా మా బస్సునే ఎంచుకున్నందుకు మీ అందరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు!”

నేను గబుక్కున అద్దంలోకి చూశాను. ఆపుదామంటే మధ్యలో నోరు పెట్టడం మర్యాద కాదు. ఆవిడ సాగిపోతూనే ఉంది.

“మీ ప్రయాణం హాయిగా సాగాలని కోరుకుంటున్నాను. ఇప్పుడు మీ కుడివైపు కనిపిస్తున్నది మన తొయొహిరా నది...”

వెనక సీటులోంచి ఒక గొంతు లేచింది. “గైడు గారూ, అందులోకే తోయించెయ్యండి మమ్మల్ని. పీడా వదుల్తుంది!”

ముందు ఒకడు నవ్వాడు, ఆ తరవాత పదిమంది. కానీ కిటికీ పక్కన ఒక కుర్ర ఉద్యోగి తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడవడం మొదలెట్టాడు. మిత్సుయే మొహం టోపీ కింద బీట్‌రూట్ ముక్కలా అయిపోయింది. మైకు కొక్కేనికి తగిలించి, నా పక్క మడత సీటులో కూలబడింది.

“అలవాటులో పొరపాటండీ తెషిమా గారూ,” అంది డిపో చేరాక. “ఎంచుకున్నారట! నా నోరు పడిపోను.”

“పోన్లెండి. నవ్వారుగా.”

“ఆ ఏడ్చినతను నవ్వలేదు.”

మరుసటి ఏడు కంపెనీ పెద్దాయన పిలిచి, ఆ బస్సులో నోరు విప్పవద్దని చెప్పాడు. సరేనంది. మూగదానిలా కూర్చుంది. కానీ మిత్సుయేని నోరు మూసుకోమంటే, పిల్లిని పాలగిన్నె దగ్గర కూర్చోబెట్టి కళ్ళు మూసుకోమన్నట్టే. పక్కింటివాళ్ళు ఏం వండుతున్నారో వాసన చూసి చెప్పి, చెప్పింది నిజమో కాదో తలుపు తట్టి అడిగే రకం ఆవిడ. రెండు కిలోమీటర్లు ఓపిక పట్టింది. ఆ తరవాత ముందు సీటులో ఉన్న మనిషి వైపు తిరిగి, మైకు లేకుండా మెల్లగా అడిగింది.

“ఏమీ అనుకోకండి, నాకు నిజంగా తెలీక అడుగుతున్నా. ఇంత ఎండలో ఇదంతా ఎందుకండీ?”

అతను ఒతారులో చేప గుడ్లు ఉప్పులో ఊరవేసే కార్ఖానా పనివాడు. తన వేళ్ళకేసి చూసుకున్నాడు. “ఏడాదంతా మా కార్ఖానాలో చలే గైడు గారూ. వేళ్ళు కొంకర్లు పోతాయి. ఏడాదికొక్కసారైనా ఒళ్ళు చెమట పట్టాలి కదా?”

“మరి ఊరి వేడినీళ్ళ స్నానాలకెళ్తే పట్టదూ?”

“పడుతుంది. మా ఆవిడా అదే అంటుంది!”

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. తరవాత ఆ వెనకవాణ్ణి అడిగింది, ఆ పక్కవాణ్ణి అడిగింది. ఆ రోజు బస్సు వాళ్ళని దించే చోటికి చేరేసరికి తెరలు సగం తెరిచి ఉన్నాయి. ఏడాదికోసారి ఆ ప్రశ్న అడగడమే ఆవిడ పనైంది. ఎందుకో తెలుసుకోవాలని ఆవిడకి ఎంత కుతూహలమో, ఏం జవాబొస్తుందోనని నాకూ అంతే. అద్దంలో చూస్తూ చెవులు వెనక్కి పెట్టుకుని తోలేవాణ్ణి.

మా మారథాన్ చరిత్ర ఏ పుస్తకంలో ఎలా ఉందో నాకు తెలియదు. నాకు తెలిసిందల్లా ఆ జవాబులే. మొదటి రోజుల్లో కంపెనీల పరుగు జట్లవాళ్ళే ఎక్కువ, “మా మేనేజరుకి ఏం చెప్పాలో” అని తప్ప వేరే మాట ఉండేది కాదు. ఆ తరవాత మామూలు మనుషులు రావడం మొదలైంది. ఒక బడి వంటామె, “మూడొందల మందికి వండుతానండీ, ఒక్కరోజు ఎవరైనా నాకు నీళ్ళందిస్తే ఎలా ఉంటుందో చూద్దామని” అంది. టోక్యో నుంచి వచ్చినాయన ఒకడు బస్సెక్కుతూనే కోపంతో ఊగిపోయాడు. “చల్లగా ఉంటుందన్నారు! విమానం టికెట్టు కొనుక్కొచ్చాను! ముప్ఫై ఒక్క డిగ్రీలండీ, ముప్ఫై ఒకటి!” అని ఆ ఎండకి మేమిద్దరమే బాధ్యులమన్నట్టు మా మీద అరిచాడు. ఒక పళ్ళ డాక్టరు మాత్రం, ఇంట్లో ఉంటే అత్తగారు కిటికీలు తుడిపిస్తుందని నిజాయితీగా ఒప్పుకున్నాడు. ఏడాదికేడాది జనం పెరిగారు, ఏరుకొచ్చే బస్సులు ఒకటి నుంచి మూడయ్యాయి, ఆరయ్యాయి. గడియారం చూసి టైము రాసుకునే చీటీలు పోయి, టైము వాటంతటవే లెక్కపెట్టే బిళ్ళలు బూట్లకి కట్టుకోవడం వచ్చింది.

బస్సు దిగే చోట మిత్సుయే మెట్టు పక్కన నిలబడి ప్రతి ఒక్కరికీ వంగి చెప్పేది. “బాగా పరిగెత్తారండీ. చాలా బాగా పరిగెత్తారు.” వేల మందికి చెప్పింది ఆ మాట. ఆవిడ చెప్తే అందరికీ బాగుండేదనే నేను అనుకునేవాణ్ణి.

2009లో అన్నీ మారాయి. పరుగు ముగింపుని ఊరి నడిబొడ్డున ఒదొరి పార్కుకి తెచ్చారు. నాలుగు గంటల గడువు ఐదు చేశారు. ఎన్నడూ లేనంత మంది ఆడవాళ్ళు వచ్చారు, వయసు మళ్ళినవాళ్ళూ వచ్చారు. ఆ ఏడు ముప్ఫై ఐదో కిలోమీటరు గేటు దగ్గర, ఇంచుమించు మిత్సుయే వయసావిడే, యాభై దాటిన మనిషి, తాడుకి రెండడుగుల ఇవతల ఆగిపోయింది. బస్సులో దారంతా నిటారుగా కూర్చుంది. ఎందుకని అడిగితే మొహం కిటికీ వైపు తిప్పుకుంది. దిగేటప్పుడు మిత్సుయే వంగి, “బాగా పరిగెత్తారండీ” అంది.

ఆ మనిషి మెట్టు మీదే ఆగింది. గొంతు పెంచకుండా అడిగింది. “మీరు చూశారా?”

“అంటే... బస్సులో...”

“నేను పరిగెత్తడం చూశారా? ఎవరైనా పరిగెత్తడం ఎప్పుడైనా చూశారా గైడు గారూ? ఆ తాడు మీ మొహమ్మీద పడితే ఎలా ఉంటుందో తెలుసా?”

మిత్సుయే ఇంకా వంగే ఉంది. ఆవిడ వెళ్ళిపోయాక కూడా కాసేపు అలాగే ఉంది.

ఖాళీ బస్సులో కూర్చున్నాక నన్నడిగింది. “తెషిమా గారూ, పరుగు చివర్లో కమాను ఉంటుందట కదా. పెద్ద అక్షరాలతో. మీరు చూశారా?”

“ఎలా చూస్తానండీ? మనకి వెనక గేటేగా.”

నిజమే. మా బస్సు ఏ ఏడూ ముందు వైపు వెళ్ళదు. ఆగిపోయినవాళ్ళని అందరి ముందూ దించడం బాగుండదని, వాళ్ళ బట్టల సంచులు పెట్టిన వెనక వైపు దింపేవాళ్ళం. చప్పట్లు మాత్రం వినపడేవి.

“ఇరవై మూడేళ్ళు,” అంది మిత్సుయే. “ఒక్కరు ముగించడం కూడా చూడలేదు నేను. చూడకుండా అందరికీ సర్టిఫికెట్లిస్తున్నాను.”

ఇంకో నాలుగేళ్ళకి కంపెనీ గైడుల్ని తీసేసింది. వాళ్ళ బదులు రికార్డు చేసిన గొంతు పెట్టారు. ఆ గొంతుకి అలసట లేదు, జీతం లేదు, కుతూహలం అంతకన్నా లేదు. మిత్సుయేకి యాభై ఐదు. అందరూ చేసినట్టు పూల గుత్తి ఇచ్చి, ఫొటో తీసి పంపించేశారు. మరుసటి వారం ఆవిడ బూట్లు కొనుక్కుంది.

ఆవిడ పెళ్ళి చేసుకోలేదు. బట్టలు సరిచేసి కుట్టే అక్క నొబుయేతో కలిసి ఉండేది. ఒకసారి నా పాత ప్యాంటు నడుం వదులు చేయించుకోవడానికి వెళ్తే, నొబుయే సూది నోట్లో పెట్టుకునే అందుకుంది.

“చూశారా మా చెల్లి వైభోగం? మా వంశంలో వెళ్ళిపోతున్న బస్సు వెనకాల తప్ప ఎవ్వరూ పరిగెత్తలేదు. ఇదేమో మోకాళ్ళకి నూనె రాసుకుని మంచులో గెంతుతోంది.”

“అక్కా, నువ్వు ముందు సూది తీసి మాట్లాడు, మింగేస్తావు.”

“మింగితే మింగుతాను. ముగ్గురు పలకరించారండీ నిన్న, ‘మీ చెల్లికి ఏ బస్సు తప్పిపోయిందమ్మా, అలా పరిగెడుతోంది’ అని!”

మిత్సుయే నవ్వింది గాని, నన్ను గుమ్మం దాకా సాగనంపుతూ గొంతు తగ్గించింది. “ఆ కమాను కిందనించి ఒక్కసారి నా కాళ్ళతో నేను దాటాలండీ. ముందు వైపునించి. ఇంకేం అక్కర్లేదు నాకు. ఒకటి మాత్రం గుర్తుపెట్టుకోండి. నన్ను మీ బస్సెక్కించొద్దు. పడిపోయినా సరే.”

“పడిపోతే అంబులెన్సు ఎక్కిస్తారు. నా బస్సెందుకు ఎక్కిస్తారు?”

“అది నయం,” అంది.

2014 ఆగస్టులో, యాభై ఆరో ఏట, ఆవిడ నంబరు గుడ్డ కట్టుకుంది. నేను డిపోలో బతిమాలి అన్నిటికన్నా వెనక నడిచే బస్సు అడిగి తీసుకున్నాను. తోటి డ్రైవర్లు నవ్వారు, అది అందరూ తప్పించుకునే బస్సు. ఇప్పుడు పరుగు పొద్దున తొమ్మిదికే మొదలవుతుంది, ఎండ మరీ మండలేదు గాని ఉక్క పోస్తోంది. మధ్యాహ్నం రెండుకి ఐదు గంటలూ పూర్తవుతాయి.

ఒక్కో గేటుకీ పక్క రోడ్ల మీదుగా ముందే చేరుకునేవాణ్ణి. ఇరవయ్యో కిలోమీటరు గేటు దగ్గర బస్సు పక్కకి పెట్టి, తాడు వైపే చూస్తూ కూర్చున్నాను. ఆవిడ నాలుగు నిమిషాలు మిగిల్చుకుని దాటింది. నా వైపు చూడలేదు. షిన్‌కవా రోడ్డు మీద మలుపు ఉండదు, నీడ ఉండదు, చూడడానికి ఏమీ ఉండదు. పోతూ పోతూ చివర్లో తిరిగి మళ్ళీ అదే రోడ్డు మీద రావాలి. అక్కడే అందరూ డీలా పడతారు. ముప్ఫై దగ్గర ఆవిడకి రెండు నిమిషాలు మిగిలాయి. ముప్ఫై ఐదు దగ్గర యాభై సెకన్లు. ఆవిడ ఒక భుజం వంగిపోయింది, నోరు తెరుచుకుని ఉంది. నాకు ఒళ్ళు మండిపోతోంది, ఎవరి మీదో తెలియదు. ఆ గడియారం పట్టుకున్న మనిషి మీదనే అనుకుంటాను. పాపం, అతను చేసిన తప్పేమీ లేదు.

అప్పటికి నా బస్సులో నలభై మంది ఉన్నారు. అందరూ తెరలు లాగేసుకున్నారు. ముందు సీటులో ఒక లావుపాటి కూరగాయల వ్యాపారి నన్నే గమనిస్తున్నాడు.

“డ్రైవరు గారూ, ఎవరి కోసం అంతలా చూస్తున్నారు? మీ ఆవిడా?”

“కాదండీ. మా గైడు.”

“గైడా?”

చెప్పాను. పాతికేళ్ళకి పైగా ఈ బస్సులోనే నిలబడి అందర్నీ ఎందుకని అడిగిన మనిషి ఇవాళ తనే పరిగెత్తుతోందని. బస్సెక్కకూడదని ఒట్టు పెట్టుకుందని. ఆయన లేచి నిలబడ్డాడు.

“ఏవండీ, వినండి! వెనక ఒక గైడు వస్తోందట! నంబరెంత డ్రైవరు గారూ?”

నలభయ్యో కిలోమీటరు గేటు దగ్గరికి వచ్చేసరికి నా బస్సులో ఒక్క తెర మూసి లేదు. నలభై మంది కిటికీలకి అతుక్కుపోయారు. గడియారం దగ్గర మనిషి చెయ్యెత్తి సెకన్లు లెక్కపెడుతున్నాడు. తాడు పట్టినవాళ్ళు ముందుకి వంగారు. మూల తిరిగి మిత్సుయే కనిపించింది, ఎడమ కాలు ఈడుస్తోంది.

“రండి! రండమ్మా! బస్సెక్కకండి! ఇక్కడ చోటు లేదు!” అని మా కూరగాయల వ్యాపారి గొంతు చించుకున్నాడు. బస్సంతా అరిచింది. చోటు లేదు, చోటు లేదు అని అరుస్తున్నారు, పది సీట్లు ఖాళీగా ఉండగా.

తొమ్మిది సెకన్లుండగా దాటింది. ఆవిడ వెనక తాడు పడింది. నాకు స్టీరింగు కనపడలేదు, కళ్ళు తుడుచుకోవలసి వచ్చింది.

ఇక రెండు కిలోమీటర్ల చిల్లర, పావుగంట పైచిలుకు టైము. నేను సందుల్లోంచి బస్సుని పార్కు వెనక గేటుకి తెచ్చి నలభై మందినీ దించాను. ఎవరికీ బాగా పరిగెత్తారని చెప్పలేదు. తలుపు వేసి, మొదటిసారిగా ముందు వైపుకి నడిచాను. కమాను కనిపించింది. నీలం గుడ్డ మీద తెల్ల అక్షరాలు. అంత గొప్పగా ఏమీ లేదు గాని, దాని కింద జనం ఏడుస్తున్నారు, నవ్వుతున్నారు, రోడ్డుకి నమస్కారాలు పెడుతున్నారు. రెండు కొట్టింది. గడువు అయిపోయిందని ప్రకటించారు. మిత్సుయే రాలేదు.

అక్కడున్న ప్రతివాణ్ణీ అడిగాను. ఎవరికీ తెలియదు. పావుగంటయింది, అరగంటయింది. రోడ్డు అడ్డంకులు తీసేశారు, కార్లు తిరగడం మొదలైంది. పనివాళ్ళు నిచ్చెనలు తెచ్చారు.

“ఒక్క మనిషి ఇంకా రావాలి బాబూ. కాస్త ఆగండి,” అన్నాను.

వాళ్ళ మేస్త్రీ టోపీ తీసి వంగాడు. మంచివాడే. “లారీ వచ్చేదాకా ఉంచుతామండీ. లారీని ఇక్కడ నిలబెట్టనివ్వరు, అది వచ్చిందంటే మాత్రం దించెయ్యాలి.”

నేను వీధి మూలకి వెళ్ళి నిలబడ్డాను. రెండూ నలభైకి ఎదుటి మూలన, పేవ్‌మెంట్ మీద కనిపించింది. కుంటుతూ, ఒక చెయ్యి గోడకి ఆనించుకుంటూ వస్తోంది. ఎర్ర ఇటుకల పాత భవనం దగ్గర తొడ పట్టేసిందట. రోడ్డు తెరిచాక ఎవరో వచ్చి బస్సెక్కమన్నారట, “నేను అటువైపే వెళ్తున్నాలెండి” అని చెప్పి పేవ్‌మెంట్ ఎక్కిందట. ఇదంతా తరవాత తెలిసింది. అప్పుడు నాకు తెలిసిందల్లా ఒకటే, ఆవిడకీ కమానుకీ మధ్య ఒక్క వీధి ఉంది.

నా వెనక లారీ వచ్చి ఆగిన చప్పుడైంది.

“తొగాషి గారూ! రండి! త్వరగా రండి!”

ఆవిడ నన్ను చూసింది. నా భుజం మీంచి కమానునీ చూసింది. ఆవిడ మొహం ఎంత విప్పారిందో నేను చెప్పలేను. అడుగు ముందుకేసింది, పేవ్‌మెంట్ అంచున ఆగింది. వేలెత్తి పైకి చూపించింది. సిగ్నలు ఎర్రగా ఉంది.

అటు ఒక్క కారు లేదు. ఇటు ఒక్క కారు లేదు. వీధి పొడుగునా ఒక పావురం తప్ప కదిలేది ఏదీ లేదు. ఆవిడ రెండు చేతులూ పక్కన పెట్టుకుని నిలబడి ఉంది. వెనక నిచ్చెన కిర్రుమంది. తిరిగి చూస్తే ఒక కొసన తాళ్ళు విప్పారు, కమాను గుడ్డ ఒక పక్కకి వాలింది. మళ్ళీ ఇటు తిరిగితే ఇంకా ఎర్రగానే ఉంది. ఆవిడ చూస్తూనే ఉంది, గుడ్డ మడతలు పడుతూ కిందికి దిగడం మొత్తం చూస్తూనే ఉంది.

ఆకుపచ్చ లైటు వచ్చేసరికి అక్కడ రెండు ఇనప స్తంభాలు, చాపలా చుట్టిన ఒక నీలం గుడ్డ మిగిలాయి. మిత్సుయే వీధి దాటి వచ్చింది. స్తంభాల మధ్యకి వెళ్ళబోతే ఒక పనివాడు మర్యాదగా చెయ్యి అడ్డం పెట్టాడు. “ఇటు కాదమ్మా, పైనుంచి బోల్టులు పడతాయి. ఆ పక్కనించి వెళ్ళండి.”

“ఆఁ, క్షమించండి,” అని వంగింది. పక్కనుంచే వెళ్ళింది.

బాగా పరిగెత్తారన్న ఆ మాట నా నాలిక చివరి దాకా వచ్చింది. ఇన్నేళ్ళు విన్నది కదా, దానంతటదే వచ్చింది. ఆవిడ నా మొహం చూసి పసిగట్టింది.

“అనకండి తెషిమా గారూ. దండం పెడతాను, ఆ మాట అనకండి.” అప్పుడు ఏడ్చింది. పేవ్‌మెంట్ అంచున కూలబడి, మోకాళ్ళ మీద మొహం పెట్టుకుని చిన్నపిల్లలా ఏడ్చింది. “వాళ్ళందరికీ నేను అదే చెప్పేదాన్ని. వరసగా నిలబెట్టి చెప్పేదాన్ని. లోపల ఇలా ఉంటుందని నాకేం తెలుసు? ఒక్కళ్ళైనా నన్ను కొట్టలేదేమండీ?”

నేను పక్కన కూర్చున్నాను. లారీ వెళ్ళిపోయింది. పార్కు ఊడ్చేవాళ్ళు వచ్చి, మా కాళ్ళ చుట్టూ ఊడ్చుకుని వెళ్ళారు. చాలాసేపటికి ఆవిడ మొహం తుడుచుకుని సిగ్నలు వైపు చూసింది.

“ఒక్క కారు కూడా రాలేదు కదండీ?”

“రాలేదు.”

“మరి నేనెందుకు ఆగాను?”

ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో అప్పుడు నాకు తెలిసింది. అక్కడి నుంచి ఇక్కడికి పది అడుగులు. నేను వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి ఉండొచ్చు. ఆ సంగతి నాకు తట్టనే లేదు.

“ఇటు పక్క నేనూ ఆగే ఉన్నాను కదండీ,” అన్నాను.